తీసుకపోని కేకు

రోలాల మా గల్లీ చివర
మొయ్దూట్టి బేకరీ.
బోర్డు మీద మూడు భాషలున్నయి,
మన అక్షరం ఒక్కటి లేదు.
వాసనకు చదువు అక్కర్లేదు గద.

పొద్దుగూకినంక గూడ ఆగస్టు గాలి
అప్పుడే దింపిన పెనం లెక్క మొఖానికి తాకుతది.
అద్దం తలుపు నూకి లోపలికి వోతే
సల్లటి ఏసీ, వెచ్చటి వెన్న వాసన
రెండూ ఒక్కపారి మీదవడ్తయి.

కోడిగుడ్డు పఫ్ దిర్హం.
కొబ్బరి బన్ను దిర్హం.
రస్కుల ప్యాకిట్ మూడు, వారం దాంక ఎల్తది.
మొదటి యాడాది ప్రతిదాన్ని రూపాయలల్ల గుణించెటోణ్ణి.
బన్ను చేతులనే బరువయ్యేది,
ఆకలి సచ్చిపోయేది.
ఇప్పుడు గుణించుడు ఇడిసిపెట్టిన.

ఎదురుంగ గుల్ మీర్ తందూరి.
మోకాళ్ల మీద కూసొని మంటలకు వంగి
మూరెడు రొట్టె తీసి పాత పేపర్ల చుట్టి ఇస్తడు.
గదికి తెచ్చేలోపు అంచులు మాయం.
"ఎలుక కొరికింది" అంటడు లింబాద్రి,
నోటి నిండ ఎలుక.

పదిన్నరకు మొయ్దూట్టి గడియారం దిక్కు సూస్తడు.
మేం మొయ్దూట్టి దిక్కు సూస్తం.
అటెన్క సగం ధర.
ఒరిగిన క్రీం రోలు, మూల ఇరిగిన పేస్ట్రీ,
ఎవరో ఏలు వెట్టి సూపించి, వద్దని పోయిన ప్లమ్ కేకు.
సిగ్గేంది?
ఆ యాళ్లకు మేం గూడ
సగం ధరకే ఉంటం.

ఒక శుక్రారం రాత్రి ఫ్రిజ్జుల కేకు నిలవడ్డది.
అరకిల. తెల్ల క్రీం, చుట్టూ గులాబీరంగు పూలు,
నడుమ ఎర్రగ అయిదు ఇంగ్లీషు అక్షరాలు.
"పది దిర్హాలు బయానా ఇచ్చి పోయింది.
ఆరింటికి వస్తనన్నది, రాలే.
పొద్దటికి పులుస్తది, పదిహేనుకు తీస్కపోండ్రి."
మొయ్దూట్టి హిందీల మలయాళమే ఎక్కువ.

మంచం కింది సూట్‌కేసు గుంజి పేపరు పరిసినం.
"సలాం అని రాసిండ్రు" గంగనర్సు కూడబలుక్కున్నడు,
"కేకు మనకు సలాం కొడ్తున్నదిరా!"
"వాలేకుం సలాం" అని భూమేశ్ చాకు పట్టిండు.
అయిదుగురం, అయిదు అక్షరాలు.
కొట్లాట లేని పంపకం, మా గదిల గదే మొదలు.
నాకు ఆఖరి ఎమ్ వచ్చింది.
ఈ దేశపు ఒంటెకు ఒకటే గూని,
నా ముక్కకు రెండు.

మల్లచ్చే శుక్రారం బన్నుల కోసం నిలవడ్డ.
నా ముందట సన్నటి పిల్ల,
మెడల నల్లదారం, చెక్క సిలువ,
చేతుల నలిగిన చీటీ.
"మేడం ఇంటికి సుట్టాలొచ్చిండ్రు. ఇడ్వలే."
ఎవరి పుట్టినరోజని మొయ్దూట్టి అడిగితే
ఏలుతోని తన ఎదనే తట్టుకున్నది.

సెలాం.
ఆమె పేరట.
మేం మారుసలాం చెప్పి తిన్నది
ఒక మనిషి పేరు.

మొయ్దూట్టి పది దిర్హాలు గల్ల మీద వెట్టి
నా దిక్కు సూసిండు.
సెయ్యి లేపిన,
బడిల తప్పొప్పుకున్న పోరని లెక్క.
"మేమే తిన్నం. అయిదుగురం."

ఆమె కోపం చెయ్యలే.
శానా సేపు సూసి, వచ్చీరాని హిందీల
"మంచిగుండెనా?" అన్నది.
క్రీం జరంత పులిసింది, అబద్ధమెందుకు.
"మస్తుండె" అన్న.

పది దిర్హాలు తీసుకోలే,
మల్ల గల్ల మీదనే అటు జరిపింది.
"ఏ తారీకుకు?"
"ఇడ్సిన రోజుకు."

ఆర్డరు బుక్కు తెరిసి, తారీకు గడి కాడ
పెన్ను పట్టుకొని మొయ్దూట్టి అట్లనే నిలవడ్డడు.
నా ఎన్క లైన్ల ఎవడో కేకేసిండు:
"భాయ్, పఫ్‌లు ఒడిసినయా?"