కోళ్ల గూట్లో జావా

ఒలొమౌట్స్ దాటాక చిన్న ఊరు.
పంతొమ్మిదేళ్లు కోళ్ల గూట్లో
గుడ్లు పెట్టించుకుంది సీటు మీద.

డ్రాహొమీరా కార్బురేటర్ని వంటింట్లోకి తెచ్చి
సూపు గిన్నెలో ఉడకబెట్టింది.
జెట్‌లో కందిరీగ కట్టిన మట్టి,
ఆవగింజంత.
ఇన్నాళ్లూ బండి గొంతు నొక్కింది అదే.

పిస్టన్ పట్టేసింది.
డీజిలు పోసి మూడు రాత్రులాగి
నాలుగోనాడు సుత్తిపిడితో బతిమాలింది.

కిక్కూ గేరూ ఒకటే కడ్డీ.
లోపలికి నొక్కి, పైకి తిప్పి, తన్నాలి.
పాదానికి గుర్తుంది,
మోకాలే మర్చిపోయింది.

పదకొండో తన్నుకి దగ్గింది.
పన్నెండుకి నీలం పొగ,
కోళ్ల గోల.
పక్కింటి లుబోష్ దబ్బున కిటికీ మూశాడు.

కాసేపటికి మళ్లీ తెరిచి
“నూనె ఎక్కువ కలిపావు” అన్నాడు,
ఒక కాలికి బూటుతో.