నేరేడు గింజల నెల

రాపూరు మొదటి బస్సు టాపు మీంచి
గోనెసంచి దిగింది.
దాని వెనకే పెంచలమ్మ, ఎడమ కాలు ఈడ్చుకుంటూ.
"గుజ్జు పిలకాయలు తినేశారు పాపా,
గింజ నీకు."
కాటా ముల్లు మూడు కిలోలు దాటి వంగింది.

ఎనిమిది రోజులు నీడన ఆరబెట్టాను.
కరెంటు పోయిన పూట
మిక్సీ వదిలేసి రోట్లో దంచాను.
ల్యాబ్ పుస్తకంలో ఆ సంగతి రాయలేదు.

పరీక్షనాళికలో ఊదా రంగు,
నేరేళ్ళు తిన్న నాలుకలాగే.
నాలుగు చుక్కల గింజ సారం పడగానే
ఊదా పాలిపోయి
పసుపు తేలుతుంది.
అరగంట చీకట్లో ఉంచాలని రూలు.
ఆగలేక అల్మరా తలుపు సందులోంచి చూశాను.

అదుపు తప్పిన ఆక్సిజన్‌ని
ఈ వగరు చెయ్యి పట్టి కూర్చోబెట్టిందన్నమాట.
గైడుగారు "గ్రాఫ్ బాగుంది" అన్నారు.
ఇరవై ఒకటో రోజుకి చక్కెర దిగింది.
ఎలుకలకి.

రెండో సంచి తెచ్చిన శనివారం
డబ్బులు లెక్కపెడుతూ కిందికి చూశాను.
పెంచలమ్మ మడమకి కట్టిన గుడ్డ తడిగా ఉంది.
"ముల్లు గుచ్చుకునిందిలే. రెండు నెలలైంది."
నవ్వుతూనే నా మీటరుకి వేలిచ్చింది.
మూడు వందల ఎనభై ఆరు.

ఈ గింజలు నువ్వే తినకూడదా అనబోయి
మింగేశాను.
మనిషికి ఎంతో, ఎన్నాళ్ళో
నా థీసిస్‌కే తెలీదు.

నెల్లూరు పెద్దాసుపత్రి, ఓపీ లైను.
నా ముందు ఆమె.
నూట నలభై పేజీలు ల్యాబ్‌లో ఫ్యాను కింద
రెపరెపలాడుతూ ఉండి ఉంటాయి.
చీటీ పట్టుకున్న ఆమె గోళ్ళ సందుల్లో
ఊదా ఇంకా వెలిసిపోలేదు.