కొంచెం వదులుగా

పొద్దున్నే రుతెంగ్‌లో మంచు
కొండ దిగి వచ్చి మా వాకిట్లో కూర్చుంటుంది.
చోక్ లాగాలి.
మూడు కిక్కులు ఊరికే కొట్టాలి, అవి లెక్కలోకి రావు,
బడికి లేపేటప్పుడు పిల్లల్ని పిలిచే మొదటి పిలుపుల్లాంటివి.
నాలుగోది అసలుది.
అయిదోదాకా వెళ్తే
వంటింట్లోంచి రెగినా దగ్గుతుంది.
ఆ దగ్గుకి అర్థం: వాయిదాల మీద కొత్త స్కూటరు.

మీటరులో అన్నీ తొమ్మిదులు వచ్చిన రోజు
రోడ్డు పక్కన ఆగాను, ఒక్కణ్ణే.
లవంగాలు ఎండబోసిన పట్టా దగ్గర
సీసాల్లో పెట్రోలు అమ్మే ముసలామె
అయిపోయిందా అని సీసా ఎత్తి చూపించింది.
లేదమ్మా, పుట్టినరోజు, అన్నాను.
మారు మాట్లాడకుండా
గుప్పెడు లవంగాలు నా జేబులో పోసింది.
రెండోసారి సున్నాలు ఎప్పుడయ్యాయో చూడలేదు,
వానలో ఉన్నాను.
మూడోసారి సగం దారిలో కేబుల్ తెగింది.
అప్పట్నించీ అది నలభై ఒక్క వేల దగ్గరే ఉంది,
మా మేనత్త తన వయసు చెప్పినట్టు.

ఈ రకం బండి చేయడం కంపెనీ మానేసి చాలా ఏళ్లయింది.
మార్కెట్ వెనక షెడ్డులో దామియాన్ మాత్రం మానలేదు.
పిస్టన్ రింగులు లబువాన్ బాజో నుంచి
బస్సులో, ఒక కోడిపుంజు పక్కన కూర్చుని వచ్చాయి.
క్లచ్ ప్లేట్లు చనిపోయిన పశువైద్యుడివి.
ఎడమ ఫుట్‌రెస్టు, చర్చి పాత గేటులోంచి కోసిన ఇనుము.
దామియాన్ ఇంజిన్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి
పిడి చెవిలో పెట్టుకుని వింటాడు.
"వాల్వు గొణుగుతోంది. ఇంకో వానాకాలం లాగుతుంది."
నా ఛాతీ కూడా వినమన్నాను ఒకసారి.
ఒప్పుకోలేదు.

నాకొచ్చిన విద్య కొంచెమే.
ప్లగ్గు విప్పి ప్యాంటుకి తుడవడం.
చైనుకి నూనె, తొందరపడకుండా.
తెగిన క్లచ్ వైరుతో ఇరవై రెండు కిలోమీటర్లు
దేవుణ్ణీ బండినీ కలిపి బతిమాలడం.
పిల్లల లెక్కల పుస్తకాల్లో
ఎర్ర సిరా పక్కన నా వేలిముద్రలు, నల్లగా.

ఆరేళ్లుగా సైలెన్సర్ మెడ దగ్గర నట్టు వదులు.
పోయిన నెల రెగినా పోరు పడలేక
కొత్త వాషర్ వేయించి బిగించాను.
ఆ రాత్రి ఇంటికెళ్తే పొయ్యి మీద ఏమీ లేదు.
"ఎప్పుడొచ్చావు?" అంది, ఉలిక్కిపడి.

మర్నాడు దారంతా
ఏరు వినిపించింది. చైను వినిపించింది.
నేను ఈల వేస్తానని నాకే తెలిసింది.
వెదురు మలుపు తిరిగి బడి ముందుకొచ్చేసరికి
రుఫినుస్ జామచెట్టు మీద,
యుస్తినా నా కుర్చీలో, నా గొంతుతో
అందర్నీ తిడుతూ,
ఇద్దరు గోడకానించి ఒకే హోంవర్కు రాస్తూ.
అందరూ అలాగే బిగుసుకుపోయారు.
ఆరేళ్లుగా రోజూ నాకెదురుగా నిలబడిన
ఆ చక్కటి వరసలు,
నేను చెప్పిన క్రమశిక్షణ అనుకున్నవి,
మలుపు అవతల నుంచి బండి పంపిన కబురన్నమాట.

"బండి చచ్చిపోయిందనుకున్నాం సార్,"
అన్నాడు రుఫినుస్, చెట్టు దిగకుండానే.
యుస్తినా కుర్చీ తుడిచింది, రెండుసార్లు.
నేను హాజరు పట్టీ తీశాను.
ఎంత చిన్నగా పిలిచినా పలికారు ఆ రోజు.

సాయంత్రం దామియాన్ షెడ్డు.
"ఆ నట్టు కొంచెం వదులు చెయ్యి."
"ఎంత?"
"మలుపు దాకా వినపడేంత."
ఎందుకని అడగలేదు.
పావు తిప్పు. విన్నాడు.
ఇంకా ఒక వెంట్రుకవాసి.
డబ్బులు తీసుకోలేదు,
పని పాడు చేసినందుకు తీసుకోనన్నాడు.

చీకట్లో మా సందులోకి తిరిగాను,
కుక్కలు లేచాయి, పక్కింటి దీపం వెలిగింది.
తలుపు తీసేసరికి
బల్ల మీద కాఫీ, ఇంకా పొగలు పోతూ.
రెగినా నావైపు చూడకుండా
ఒక్కసారి దగ్గింది.