మూడో సీసా

కృష్ణలంకలో మా ల్యాబు మూడో అంతస్తు.
కింద రొయ్యల మందుల కొట్టు,
దాని ముందు దించిన మేత బస్తాల మీద
పొద్దున్నే ఓ పిల్లి.
మెట్లెక్కే తీరుని బట్టి
చెరువెలా ఉందో చెప్పగలను నేను.
ఫోన్లో మాట్లాడుతూ ఎక్కితే కౌంటు ముప్పైకి వచ్చినట్టు,
మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కితే
రాత్రి గట్టువారన తెల్లగా ఏదో తేలినట్టు.

నాంచారయ్య మెట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు,
నాగాయలంక అవతల్నించి, తొలి బస్సుకి.
థర్మోకోల్ డబ్బాలో ఐసు మీద ఆరు రొయ్యలు,
గోనెసంచిలో సీసాలు.
ఒకటి చెరువుది, ఒకటి మురుగు కాలవది.
చీటీలంటించాడు, చెమటకి ఇంకు చెదిరింది.

రొయ్య తలపెంకు ఒలిచి వెలుగుకి పట్టాను.
సున్నం చిలికినట్టు చుక్కలు.
నా మొహం చూసి
అడగబోయింది అడగలేదు.
నిన్నటి పళ్ళేల్లో మొలిచినవి కూడా పచ్చచుక్కలే.
బయట పచ్చగా ఉండమని దీవిస్తారు,
మా గదిలో పచ్చంటే భయం.

"ఇంకోటుందమ్మా."
సంచి అడుగునించి తీశాడు,
కూల్‌డ్రింకు సీసా,
మూతకి పాలిథిన్ చుట్టి రబ్బరుబ్యాండు.
"కోడలు పంపింది. చేతిపంపువి."

మా ఫారంలో గళ్ళు రొయ్యల కోసం గీసినవి.
చెరువు నెంబరు?
"ఇంటెనకాల."
విస్తీర్ణం?
నవ్వాడు. "బిందెడు."
కల్చర్ ఎన్నో రోజు?
వేళ్ళు మడిచాడు, విప్పాడు.
"మా ఆవిడ కాపరానికొచ్చిన ఏడు ఏయించాను.
నలభై రెండేళ్ళు."
రాశాను. గడి చాల్లేదు.

రిఫ్రాక్టోమీటరు గాజు మీద ఒక్క చుక్క,
కిటికీ వైపు తిప్పి చూడాలి.
నీలానికీ తెలుపుకీ మధ్య
గీత ఎక్కడుంటే అంత ఉప్పు.
చెరువుది పద్దెనిమిది. కాలవది పదకొండు.
సున్నాని అంటుకుని ఉండాల్సిన మూడోది
మూడు మీద కూర్చుంది,
పిలవకుండా అరుగెక్కిన చుట్టంలా.

ఆయన కంటికీ పెట్టాను.
ఒక కన్ను మూయటం రాలేదు,
చేత్తో మూసుకున్నాడు.
చాలాసేపు చూశాడు.
"ఇది గేదె ముందే చెప్పిందమ్మా.
వారం నించీ కుడితిలో మూతి పెట్టి
తిప్పేసుకుంటంది."

ఆ తర్వాత స్టూలు మీద కూర్చుని,
నాతో కాదు, డబ్బాలో ఐసుతో అన్నట్టు:
"ముందు పక్క చేనోడు తవ్వాడు.
నా వరి గట్టువైపు నించి ఎర్రబడింది.
పెద్దమనుషుల్లో పెట్టాను, కేకలేశాను.
మూడో ఏడు నేనే పొక్లెయిన్ని పిలిచాను.
ఇప్పుడు నా గట్టవతల శోభనాద్రి చేను ఎర్రబడతంది.
మొన్న ఎదురుపడితే పలకలేదు.
ఎట్టా పలుకుతాడు,
నేను పలికానా?"

కింద కొట్లో అమ్మోనియాకి పొడి ఉంది,
బెల్లం కలిపి డ్రమ్ములో పులియబెట్టే మందుంది,
మేత మానేసిన రొయ్యకి ఆకలి పుట్టించే
వెల్లుల్లి వాసన జెల్లుంది.
"దీనికేవన్నా ఉందా?"
మూడో సీసాని వేలితో కొంచెం ముందుకి జరిపాడు.

కిటికీ కింద బందరు కాలవ
మా ఊరి హోటళ్ళ నురగని ఎత్తుకుని
ఆయన ఊరి దిక్కుకే పోతోంది.
నేను అటు చూశాను.
ఆయనా చూశాడు.

మూడోదానికి డబ్బు తీసుకోలేదు.
ముద్ర కావాలన్నాడు, పంచాయతీలో చూపిస్తాట్ట.
'చెరువు నీరు' అన్నచోట కొట్టేసి
'తాగునీరు' అని రాయబోయి ఆగాను,
తాగటం మానేసి మూడేళ్ళయిందిగా.
'పంపు నీరు' అని రాశాను.

వెళ్ళేముందు ఆ ఖాళీ సీసానే కడిగి
మా క్యాను దగ్గర నింపుకున్నాడు.
మూత బిగించి, గుమ్మంలో ఆగి,
వెలుగుకి ఎత్తి పట్టుకుని,
ఒక కన్ను చేత్తో మూసుకుని
గీత కోసం వెతికాడు.