గోరు ఆగే చోటు

నల్లబండి ఒక్కటే ఉంది మాకు.
కిల్‌రష్‌లో ఎవరు పోయినా ఆఖరి మైలు దీన్లోనే.
అందుకే ఎండ కాసిందంటే నాకు దడ.
వానలో ఎంతో మర్యాదగా ఉండే బండి
ఎండ పడగానే
ఒంటినిండా సాలెగూళ్లు బయటపెడుతుంది.

వెనక నడిచేవాళ్లకి తల దించుకోవడం తప్ప పనేముంది?
దించిన కళ్లకి ఎదురుగా నా తలుపే.

మార్చిలో మిసెస్ కెనీలీ, ముక్కు తుడుచుకుంటూనే, అడిగింది:
"మలాకీ, దీన్ని ఏ పిల్లి గీరింది?"
పిల్లి కాదమ్మా.
పందొమ్మిదేళ్ల పూలచక్రాల తీగలు,
కోటు గుండీలు, పెళ్లి ఉంగరాలు,
కాళ్లు నిలవక చెయ్యి ఆన్చిన కొడుకులు.
ఆపైన ప్రతి శుక్రవారం
గరుకు స్పాంజితో నేను.

పెట్రోలు బంకు పక్కన డెక్లన్
గంటలో అద్దం చేసిస్తానన్నాడు, నూట ఇరవై యూరోలకి.
అరచేతి మేర మైనం రాసి చూపించాడు. గీతల్లేవు!
టీ తాగి వచ్చేసరికి వాన వెలిసింది,
గీతలు ఎక్కడివక్కడే కూర్చుని ఉన్నాయి,
బయటికెళ్లి వచ్చిన చుట్టాల్లా.

ఎన్నిస్‌లో ఇంకొకతను. తెల్లదీపాల హాలు, తోలు సోఫా, కాఫీ.
సిరామిక్ పూత, ఐదేళ్ల హామీ, పద్నాలుగు వందలు.
ఫోన్లో ఫొటోలు తిప్పాడు, అన్నీ ఎర్ర కార్లే.
నల్లదొకటి చూపించు, పని చేసిన ఏడాది తర్వాతది, అన్నాను.
ఇంకో ఎర్రది చూపించాడు.
వెనక కిటికీలు అంత పొడుగెందుకో
అతను అడగనేలేదు.

బ్రోనా షెడ్డు పాత పాలకేంద్రం వెనకాల.
ఉంగరం తీసి జేబులో వేసుకుంది,
బెల్టు బకిల్‌కి గుడ్డ చుట్టుకుంది,
దీపాలార్పి ఒక్క లాంతరుతో బండి చుట్టూ తిరిగింది
ఏదో పారేసుకున్నదానిలా.
గీత గీతకీ అడ్డంగా గోరు నడిపింది.
"గోరు జారితే తీసేస్తా. ఆగితే తియ్యను."
ఆగినవే కదా జనం చూసేవి, అన్నాను.
"అంచులు మెత్తబరుస్తా. వెతికితే కనబడతాయి.
వెతికేవాళ్లు ఎటూ ఏదో ఒకటి చూస్తారు."

తర్వాత చిన్న యంత్రం ఆన్చి అంకెలు చదివింది:
నూట పద్దెనిమిది, నూట పన్నెండు,
వెనక తలుపు అంచున డెబ్బై ఆరు.
ఆగింది. "ఇక్కడెవరో ముందే అరగదీశారు."
నేనే. డ్రిల్లుకి ఉన్నిచక్రం బిగించి, ఓ ఆదివారం.
గోటితో పోయేదానికి గొడ్డలి పట్టిన పెద్దమనిషిని.
చెప్పలేదు. ఆమె నా మొహం వైపు ఒకసారి చూసి
చాక్‌పీసుతో ఆ చోట చిన్న సున్నా చుట్టింది.
"మెరుగు పెట్టడమంటే పొర తియ్యడమే.
ఇక్కడ తియ్యడానికి ఏం మిగల్లేదు."

తలుపు మీద జానెడు మేర పనిచేసి
స్పిరిట్‌తో తుడిచి, ఇప్పుడు చూసుకో అంది.
చూశాను. నా టై వంకరగా ఉంది.
పొద్దున్నుంచీ అలాగే ఉండి ఉంటుంది.

ఆరువందల నలభై, మూడు రోజులు.
చెయ్యి కలపబోతుంటే అడిగింది:
"మధ్యలో ఎవరైనా పోతే?"
ముప్పయ్యేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను,
నాకు తోచలేదు ఆ మాట.
"జనం ఎటుపక్క నిలబడతారు?"
ఎడమ, అన్నాను. పేవ్‌మెంటు వైపు.
"అయితే ఎడమతో మొదలుపెడతా."

బుధవారం రాత్రి ముసలి టబ్రిడీ పోయాడు.
గురువారం సగం బండే తోలాను.
ఎండ కాసింది, కాయదా మరి!
ఎడమవైపు టబ్రిడీ కూతుళ్లు నలుగురూ
తలుపులో ఒకరి జుట్టు ఒకరు సర్దుకున్నారు.
కుడివైపు ఫాదర్ ఒక్కరే,
ఆయనకి రెండు కళ్లలోనూ శుక్లాలు.

స్మశానం గేటు దగ్గర మనవడు ఒకడు
జామ్ అంటిన చెయ్యి పూర్తిగా చాపి తలుపుకి ఆన్చాడు.
ఏమీ అనలేదు నేను.
శుక్రవారం బండి కడగలేదు.
నా స్పాంజి బ్రోనా చెత్తడబ్బాలో ఉంది.