మూడడుగుల నడవ

మా ఇంటికి నడవ ఒకటుందని
నాకు కిందటి శ్రావణంలోనే తెలిసింది.
అప్పటిదాకా అది చెప్పులు విడిచే చోటు,
సైకిలు వానకి తడవకుండా ఒదిగే చోటు.
వెడల్పు మూడడుగులు,
పొడవు ఒక మనిషి పడుకున్నంత.

పాలిషింగు యూనిట్లో నా పక్కన పనిచేసే హుసేన్‌బీ
ఒంగోల్లో ఎవరో డాక్టరుగారింటికి పోయొచ్చి
"గుమ్మంలోనే బల్ల, బల్ల మీద అద్దం, పక్కన పటం,
మనుషులు పలకరించకముందే ఇల్లు పలకరించింది మే" అంది.
ఆ మాట రాతిపొడిలాగా
ఎంత కడిగినా నాలోంచి పోలా.

బల్ల సంగతి తేలిగ్గానే తేలింది.
చీమకుర్తిలో రాయికి కరువా?
మూల విరిగిందని పడేసిన చుక్కలరాయి,
అమావాస్యని అడ్డంగా కోసినట్టు నల్లగా,
లోపల వెండి నలుసులు.
మేస్త్రీ "మోయగలిగితే తీసుకుపో" అన్నాడు.
నలుగురం మోశాం.
కాళ్లు మా అమ్మ కుట్టుమిషనువి.
మిషను తుప్పుపట్టి పోయినా
తొక్కుడుపలక ఇంకా ఊగుతూనే ఉంది.
అక్కడ నిలబడితే నా కుడిపాదం
దానంతటదే దాని మీదికి పోతుంది,
రాయిని కుడుతున్నట్టు.

పటం కొనలేదు.
మా తోడికోడలు పుట్టిల్లు మార్కాపురం.
చట్రం వంకరపోయిందని ఫ్యాక్టరీలో తీసేసిన పలక పంపింది.
మా సౌభాగ్య దాని మీద బలపంతో క్రేను గీసింది,
క్రేనుకి వేలాడుతూ ఒక ఏనుగు.
ఏనుగెందుకే అంటే
"నాన్న ఎత్తేది అంత బరువని నువ్వేగా చెప్పావు" అంది.
మర్నాడు తుడిచేసి చేప గీసింది.
పెద్దోళ్ల ఇళ్లలో పటాలు ఏళ్లతరబడి ఒకటే ఉంటాయంట, పాపం.

అద్దం దగ్గరే రచ్చ.
సంతనూతలపాడులో మా అన్న తిరుపాలు సెలూను మూసేసి
నిలువుటద్దం ఒకటి ఆటోలో వేసి పంపాడు.
ముప్పయ్యేళ్లలో ఎన్ని గడ్డాలు చూసిందో,
కింద ఒక మూల కళ్లు మూసుకుంది.
పైన ఎర్రరంగుతో "అప్పు రేపు" అని రాసుంది.
బ్లేడుతో గీకాం, కిరసనాయిలుతో రుద్దాం.
రంగు పోయింది, అక్షరాలు పోలా.

మా అత్త ఆదెమ్మ అడ్డంపడింది.
"వాకిలికి ఎదురుగా పెట్టబాకండి,
వచ్చే లచ్చిందేవి తన మొహం చూసుకుని
ఎవరో ఉన్నార్లే అని ఎనక్కి పోద్ది."
ఎప్పుడొచ్చింది గనక పోడానికి అన్నాను గానీ
పక్కగోడకే కొట్టించాను.
ఎందుకైనా మంచిది.

ఇప్పుడు మా నడవలో అందరూ ఆగుతున్నారు.
కరెంటు రీడింగు అబ్బాయి బిల్లు తీయకముందు క్రాపు దువ్వుకుంటాడు.
పాలు పోసే అంకమ్మ బొట్టు సరిచేసుకుని
ఆ సంబరంలో ఒక చుక్క ఎక్కువే పోస్తుంది.
వారం వారం వచ్చే ఫైనాన్సు కుర్రాడు
పుస్తకం తీస్తూ అద్దంలోకి చూసి
"ఏందక్కా, ముందే రాసిపెట్టుకున్నావా?" అని నవ్వాడు.
డబ్బులు మాత్రం నవ్వకుండా లెక్కపెట్టుకున్నాడు.

మాలకొండయ్య ఒక్కడే చూళ్లేదు.
పదహారేళ్లుగా ఆయనది పెరటిదారి.
ఒంటినిండా క్వారీ దుమ్ము.
తొట్టి దగ్గర కడుక్కుని
మళ్లీ మనిషై గానీ ఇంట్లోకి రాడు.
మొన్న వానకి పెరటిగోడ కూలి దారి మూసుకుపోతే
ముందు నుంచి వచ్చాడు.
వచ్చి, ఆగిపోయాడు.

కనుబొమలు తెలుపు, రెప్పలు తెలుపు,
మీసం, చెవుల మీది వెంట్రుకలు తెలుపు.
ముసలాయన ఒకడు అద్దంలోంచి
ఎవరు నువ్వన్నట్టు చూస్తున్నాడు.
"మా నాయన" అన్నాడు మెల్లగా.
"దగ్గొకటే గుర్తుంది నాకు,
మొహం మర్చిపోయాననుకున్నా."
లోపల్నుంచి వచ్చిన మా అత్త
కొడుకు వైపు చూళ్లేదు,
అద్దంలోకి చూసి కొంగు సర్దుకుంది.

నీళ్ల చెంబుతో నేను అట్టాగే నిలబడ్డా.

కంపెనీవాళ్లిచ్చిన ముక్కుగుడ్డ
ఇప్పుడు నల్లబల్ల మీద పెడుతున్నా.
కొన్ని రోజులు తీసుకుపోతాడు, కొన్ని రోజులు మర్చిపోతాడు.
పెరటిదారి ఇంకా బాగుచెయ్యలేదు.
అడిగితే "రేపు" అంటాడు
ముందు గుమ్మంలోంచి లోపలికొస్తూ,
దుమ్ముతోనే.