తువ్వాల కింద

దామలచెరువు మండీలో
లారీలకి కాయ ఎత్తేవేళ
నేను చీటీలు రాస్తా ఉంటాను.

మస్తాన్‌సాబు చేతిమీద తువ్వాల కప్పినాడంటే
బేరం మొదలైనట్టు.
లోపల ఒకరి వేళ్ళు ఇంకొకరు పట్టుకుంటారు.
నాలుగు వేళ్ళంటే నాలుగు వేలు,
ఒకటి సగం మడిస్తే ఐదునూర్లు తక్కువ.
బయట రెండు మొహాలు,
రెండూ ఉలి తగలని రాళ్ళు.

టీకొట్టు టీవీలో చర్చలు మూడోరోజు.
పొడుగు బల్ల, మూత తియ్యని నీళ్ళ సీసాలు,
బొమ్మల కొలువులో పెట్టినట్టు రెండు జెండాలు.
ఎవరికాడ ఎన్ని అణుబాంబులుండాయో
ఎవరూ నోరు విప్పరంట.
నువ్వు ముందు దించంటే నువ్వు ముందు దించని
నిన్న కూడా పొద్దు గూకిందంట.

"ఒక తువ్వాల ఇచ్చి పంపాల్సింది" అన్నాను.
సాబు నవ్వలేదు.
"తువ్వాలతో ఏమైతాది నాయనా,
లోపల చెయ్యికి చెయ్యి తగలాల గదా.
అబద్ధమాడే వేలికి చెమట పడతాది."

గెనిమ తగాదాలో
పదేళ్ళుగా పలకరింపుల్లేని పక్కతోటలోళ్ళు
గురవారెడ్డీ చెంగల్రాయుడూ
మొన్న ఈ తువ్వాల కిందే కలిసినారు.
స్నేహమేం కాదు.
తోతాపురి మెత్తబడతా ఉండింది, అంతే.

వాళ్ళ సరుకు మాగదు.
దానిమీద ఈగ వాలదు.
ఇంకో ఏడాది కూర్చున్నా
బల్లకి రెండుపక్కలా ఎవరికేం నష్టం?

మునిరత్నం టీవీ కట్టేసినాడు.
ఆఖరి లారీకి చీటీ రాస్తా ఉండాను.
పేరు రాసినాను, తూకం రాసినాను.
ధర గడి కాడ పెన్ను ఆగింది.
తువ్వాల
ఇంకా కదలతా ఉండాది.